తెలియనివారికి సాంకేతిక విషయం చెప్పడం ఎలా? ఒక కరెంటు బిల్లు సాక్షిగా

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. చెప్పడం వచ్చుననే అనుకున్నాను. ఒకరోజు పక్కింటి పిన్నిగారు బిల్లు కాగితం పట్టుకుని వచ్చి, "మాస్టారూ, ఈ నెల ఇంత వచ్చిందేమిటండీ? కొత్త మిక్సీ కొన్నాం, దానివల్లేనా?" అని అడిగారు. ఆ నమ్మకం ఆ పూటతో పోయింది.

నేను వోల్టేజితో మొదలుపెట్టాను. అక్కడినుంచి ఆంపియర్లు, ఆ రెండింటినీ హెచ్చిస్తే వాట్లు, వాట్లను గంటలతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. మధ్యలో బొమ్మ కూడా గీశాను. అరగంట పట్టింది. ఆవిడ శ్రద్ధగా విన్నారు, తల ఊపవలసిన చోటల్లా ఊపారు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే మిక్సీ తక్కువ వాడమంటారా?" అన్నారు.

అరగంటలో నేను చెప్పినవాటిలో తప్పు ఒక్కటీ లేదు. ఆవిడ అడిగినదానికి జవాబు కూడా లేదు. ఆ తరువాత ఆవిడకే మళ్లీ చెప్పాను, ఇంకా చాలామందికి చెప్పాను. అలా చెబుతూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఉదాహరణలన్నీ కరెంటువే, ఎందుకంటే నాకు తెలిసింది అదే. మీరు కంప్యూటరు గురించి చెబుతున్నా, ఇంజను గురించి చెబుతున్నా వరుస పెద్దగా మారదు.

ముందు వాళ్ల ప్రశ్నను చేతిలోకి తీసుకోండి

పాఠ్యపుస్తకం సబ్జెక్టు మొదటినుంచి మొదలవుతుంది. మనిషి అలా రాడు, మధ్యలో ఎక్కడో ఇరుక్కుని వస్తాడు. పిన్నిగారికి కావలసింది విద్యుత్తు అంటే ఏమిటన్నది కాదు. ఇంట్లో ఏ వస్తువు బిల్లు పెంచుతోందో తెలియాలి, అంతే. ఆ ప్రశ్నకు వోల్టేజి అక్కరలేదు, ఆంపియర్లు అక్కరలేదు. ఒక వస్తువు మీద రాసి ఉండే వాట్లు, అది రోజుకు ఎంతసేపు నడుస్తుంది అన్న లెక్క, ఈ రెండు చాలు.

కాబట్టి నోరు విప్పేముందు ఒక కాగితం మీద వాళ్ల ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. దాని కింద, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తప్పనిసరిగా కావలసిన సంగతులు రాయండి. మొదటిసారి రాస్తే ఏడో ఎనిమిదో వస్తాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో మూసి, "ఇది చెప్పకపోతే జవాబు ఆగిపోతుందా?" అని అడగండి. ఆగిపోకపోతే కొట్టెయ్యండి. సాధారణంగా రెండు మూడు మిగులుతాయి. కొట్టేసేటప్పుడు మనసు ఒప్పదు. అవన్నీ మనం కష్టపడి నేర్చుకున్నవి మరి.

ప్రశ్న లేకుండా వచ్చేవాళ్లూ ఉంటారు. "నాకు కరెంటు గురించి ఏమీ తెలియదండీ, కాస్త చెప్పండి" అంటారు. వాళ్లకు వెంటనే చెప్పడం మొదలుపెట్టకండి. ఈ మధ్య ఇంట్లో దేనివల్ల ఇబ్బంది పడ్డారో అడగండి. ఎవరికైనా ఒకటి ఉంటుంది: ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే కరెంటు ఆపేసే స్విచ్చు) పదేపదే పడిపోతోందనో, ఇన్వర్టరు గంటలోపే ఆగిపోతోందనో. అదే మీ పాఠం.

మీకు వినబడే పాట వాళ్లకు వినబడదు

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక చిన్న ప్రయోగం చేసింది. కొందరిని తమకు బాగా తెలిసిన పాట తలచుకుని, దాని తాళాన్ని బల్ల మీద వేళ్లతో కొట్టమంది. ఎదుటివాళ్లు పాటేదో పోల్చుకోవాలి. ఎదుటివాళ్లు సగం పాటలనైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్లు అనుకున్నారు. నిజంగా పోల్చుకున్నవి 120 పాటల్లో 3. కొట్టేవాడి తలలో రాగం, మాటలు, వాద్యాలు అన్నీ మోగుతున్నాయి. వినేవాడికి చేరేది టకటక చప్పుడు మాత్రమే.

ఇంట్లో ఎవరితోనైనా ఈ ఆట ఆడి చూడండి. ఎదుటివాళ్లు తెల్లమొహం వేసినప్పుడు మీకు వచ్చే విసుగును గుర్తుపెట్టుకోండి. "ఇంత తేలికైనది తెలియదా!" అనే ఆ విసుగే, చెప్పేటప్పుడు మన గొంతులోకి దొంగతనంగా వస్తుంది. అది వచ్చిందని తెలిపే మాటలు కొన్ని ఉన్నాయి: "చాలా సింపుల్", "ఇది అందరికీ తెలిసిందే", "ఇందులో ఏముంది", "అంతే కదా". వీటిని మీ నోటినుంచి తీసేయండి. తేలిక అని మీరన్న తరువాత అర్థం కానివాడు ఇక ప్రశ్న అడగడు. అడిగితే తన తెలివితక్కువతనం బయటపడుతుందని అనుకుంటాడు.

మాటల ఉచ్చు రెండువైపులా ఉంటుంది

మన భాషలో ఇది మరీ గమ్మత్తుగా ఉంటుంది. "కరెంటు" అనే మాటే చూడండి. "కరెంటు పోయింది" అంటే సరఫరా ఆగింది. "కరెంటు బిల్లు" అంటే వాడిన శక్తికి కట్టే డబ్బు. "కరెంటు కొట్టింది" అంటే షాకు. నేను క్లాసులో కరెంటు అంటే మాత్రం ఆంపియర్లలో కొలిచే ప్రవాహం ఒక్కటే. పిన్నిగారితో ఆ అరగంటలో నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో! అన్నప్పుడల్లా నేనొకటి చెప్పాను, ఆవిడ ఇంకొకటి విన్నారు. తెలియని మాటకన్నా ప్రమాదమైనది ఇటువంటి తెలిసిన మాట. తెలియని మాట దగ్గర మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాట దగ్గర తలఊపి వెళ్లిపోతాడు.

ఇంగ్లీషు మాటలు తీసేసి తెలుగు పెడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. పాఠ్యపుస్తకంలో పవర్‌ను "సామర్థ్యం" అంటారు. బడి దాటి నలభై ఏళ్లయిన మనిషికి సామర్థ్యం అంటే పనిమంతుడి నేర్పు. ఆవిడకు "విద్యుత్ సామర్థ్యం" చెప్పడమూ, ఇంకేదో భాష చెప్పడమూ ఒకటే. వాట్ అన్న మాట బల్బు అట్టపెట్టె మీదా, మిక్సీ అడుగునా రాసి ఉంది. ఆవిడ దుకాణంలో "తొమ్మిది వాట్ల బల్బు ఇవ్వండి" అనే అడుగుతారు. ఆ మాటనే వాడండి. మాట ఏ భాషదన్నది తరువాత సంగతి. వాళ్ల నోట ఇప్పటికే ఉన్నదా లేదా అన్నదే చూడాలి.

కొత్త మాట తప్పనిసరైతే ముందు వస్తువును చూపించి, తరువాత పేరు పెట్టండి. ఆ మొదటి అరగంట తరువాత ఆంపియర్ సంగతి పిన్నిగారి దగ్గర రెండు నెలలదాకా మళ్లీ ఎత్తలేదు. గీజరును వేరే బాత్రూముకు మారుద్దామని చూస్తే అక్కడ చిన్న సాకెట్ ఉంది, ప్లగ్గు పట్టలేదు. "ఎందుకు పట్టదండీ, కన్నాలు కాస్త పెద్దవి చేయిస్తే?" అని అడిగారు. అప్పుడు చెప్పాను. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఆరును 230తో హెచ్చిస్తే 1,380 వాట్లు, దాని ఓపిక అంతవరకే. గీజరుకు 2,000 వాట్లు కావాలి. పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది, అంటే 3,680 వాట్లదాకా మోస్తుంది. చిన్నదాని మీద పెద్ద బరువు వేయకుండా కన్నాలతోనే అడ్డం పెట్టారు. ఆ రోజు ఆంపియర్ అనే మాటకు ఒక పని ఉంది కాబట్టి అది ఆవిడకు గుర్తుండిపోయింది.

పోలిక వాళ్ల బతుకులోంచి తీసుకోండి, దాని హద్దు కూడా చెప్పండి

కరెంటును నీటితో పోల్చడం మా వృత్తిలో అందరికీ అలవాటు. ట్యాంకు ఎత్తు వోల్టేజి, గొట్టంలో పారే నీరు ప్రవాహం. నేనూ ఏళ్లతరబడి అదే చెప్పాను. ఒకాయన అది విని, గొట్టం లావైతే నీళ్లు ఎక్కువ పోతాయి కదా, వైరు లావైతే కరెంటు ఎక్కువ ఖర్చవుతుందని లెక్కగట్టాడు. గీజరుకు సన్నటి వైరు వేయమని ఎలక్ట్రీషియన్‌తో పట్టుబట్టాడు. ఆ ఎలక్ట్రీషియన్ నా దగ్గర చదువుకున్నవాడే కావడంతో, నవ్వాలో ఏడవాలో తెలియక నాకు ఫోను చేశాడు. ఎంత లాగాలో నిర్ణయించేది గీజరు, వైరు కాదు. అంత లాగుతున్నప్పుడు వైరు సన్నదైతే అది వేడెక్కుతుంది, తొడుగు కరుగుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. ఆయన తెలివితక్కువవాడు కాదు. నేనిచ్చిన పోలికను చివరిదాకా నమ్మాడు, అంతే. దాని హద్దు చెప్పకపోవడం నా తప్పు.

పిన్నిగారి విషయంలో పోలిక నేను వెతకలేదు. రెండోసారి కూర్చున్నప్పుడు, పాఠానికి ముందు ఆవిడ గురించి అడిగాను. పెళ్లికి ముందు పుట్టింట్లో నాట్ల కూలీల లెక్క ఆవిడే రాసేవారట. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎవరికి ఎంత ఇవ్వాలి, అన్నీ ఆవిడ పుస్తకంలోనే. ఇంకేం కావాలి!

"వాట్లంటే కూలీల సంఖ్య అనుకోండి పిన్నిగారూ. గీజరు వేస్తే 2,000 మంది ఒక్కసారిగా పనిలోకి దిగుతారు. ఫ్యాను వేస్తే 75 మంది. వెయ్యిమంది ఒక గంట పనిచేస్తే అయ్యే కూలి ఒక యూనిట్."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే గీజరు అరగంటకే ఒక యూనిట్ తినేస్తుంది" అన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ఫ్యాను పదమూడు గంటలు తిరగాలి, ఒక యూనిట్‌కు" అని కూడా అన్నారు. వోల్టేజి, ఆంపియర్లతో అరగంటలో జరగనిది కూలీలతో రెండు నిమిషాల్లో జరిగింది. మిక్సీ సంగతి ఆవిడే తేల్చేశారు. దాని అడుగున 750 వాట్లని ఉంది. రోజుకు పది నిమిషాలు తిరిగితే యూనిట్‌లో ఎనిమిదో వంతు. నెలంతా కలిపితే నాలుగు యూనిట్లు కూడా కాదు. "అరుపులేగాని తిండి లేదు దీనికి" అన్నారు. గీజరు చప్పుడు చేయదు, కనుక ఎవరూ దాన్ని అనుమానించరు. చలికాలం వచ్చి, రోజుకు గంటసేపు దాని ఎర్రదీపం వెలుగుతుంటే, నెలకు అరవై యూనిట్లు.

అప్పుడే హద్దు కూడా చెప్పాను. కూలీలకు రేటు ఒకటే, బిల్లులో అలా కాదు. వాడకం పెరిగి పై శ్లాబులోకి, అంటే పై రేటు అంచెలోకి, వెళ్లినకొద్దీ ఆ పైన వచ్చే యూనిట్ల రేటు పెరుగుతుంది. ఇక్కడికి పోలిక ఆగిపోతుంది, ఇక బిల్లు వెనుక ఉన్న పట్టిక చూడాలి. పోలిక ఎక్కడ తెగుతుందో చెబితే దాని విలువ తగ్గుతుందని భయపడకండి. చెప్పకపోతే అది ఎక్కడో మీరు లేని చోట, గీజరు వైరు దగ్గర తెగుతుంది.

ఒక వస్తువును చూడనివ్వండి, మీరు పక్కకు తప్పుకోండి

మైకేల్ ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నవాడు. పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పవలసి వస్తే ఒక కొవ్వొత్తి వెలిగించి దానిచుట్టూ ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. మనకు అంత ప్రతిభ లేకపోయినా, ఒక వస్తువు ఎదురుగా పెట్టుకునే పని మనమూ చేయవచ్చు.

నాకు దొరికిన కొవ్వొత్తి కరెంటు మీటరు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో 1600 అనో ఒక సంఖ్య ముద్రించి ఉంటుంది. అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఇంటి మీటరు మీద ఎంత ఉందో ముందు చూసుకోండి. మా వీధిలో 3200.

పిన్నిగారింట్లో అన్నీ ఆపించాను. ఫ్రిజ్ కూడా, పది నిమిషాలకు ఏమీ కాదు. ఇన్వర్టరు బ్యాటరీ చార్జింగు మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది, అదీ ఆపాలి. తరువాత ఒక్క ఫ్యాను వేయించి, మీటరును ముట్టుకోకుండా ఎదురుగా నిలబడమన్నాను. దీపం ఒకసారి వెలిగింది. మళ్లీ వెలగడానికి పదిహేను సెకన్లు. ఆవిడ గోడగడియారం వైపు, మీటరు వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఆ తరువాత ఫ్యాను ఆపి, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. రెండు నిమిషాలు దాటాక ఒక్కసారి. "నిద్రపోతోందా ఏమిటి?" అన్నారు. చివరికి గీజరు. దీపం టపటపమని కొట్టుకోవడం మొదలుపెట్టింది, నిమిషానికి వందకు పైగా. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. ఇది నాకు చాలా కష్టమైన పని. ఎదుటివాళ్లు చూస్తున్నప్పుడు వివరణ ఇవ్వాలని నాలుక దురద పెడుతుంది. ఇవ్వకండి. స్విచ్చులు వాళ్ల చేతే వేయించండి, లెక్క వాళ్లచేతే కట్టించండి. కంప్యూటరు నేర్పుతుంటే మౌసు మీ చేతిలోకి తీసుకోకండి. "ఇలా ఇవ్వండి, నేను చూపిస్తాను" అన్న క్షణంలోనే పాఠం ముగిసిపోతుంది, పని మాత్రం పూర్తవుతుంది.

వదిలేయడానికీ అబద్ధానికీ తేడా తెలుసుకోండి

గీజరులో నీళ్లు కాగాక థర్మోస్టాట్ దానంతట అదే ఆపేస్తుంది, చల్లారితే మళ్లీ వేస్తుంది. ఇది మొదటిరోజు చెప్పలేదు. "గీజరు ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ" అన్నాను, అందులో అసత్యం లేదు. రేపు థర్మోస్టాట్ గురించి చెప్పినప్పుడు నిన్నటి మాట వెనక్కి తీసుకోనక్కరలేదు. వదిలేసేటప్పుడు నా కొలమానం ఇదే.

"ఎక్కువ స్టార్లుంటే తక్కువ బిల్లు" అనడం మాత్రం అలాంటిది కాదు. ఫ్రిజ్‌ల వంటి వాటి లేబుల్ మీద ఉండే ఈ స్టార్లు ఒకే రకం, ఇంచుమించు ఒకే పరిమాణం ఉన్నవాటిని పోల్చడానికి. ఐదు స్టార్ల పెద్ద ఫ్రిజ్, మూడు స్టార్ల చిన్న ఫ్రిజ్ కంటే ఎక్కువ తినవచ్చు. ఆ మాట నమ్మి కొన్నవాళ్లు తరువాత మనల్నే నిలదీస్తారు. ఫ్రిజ్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని చూడమనండి. 180 ఉంటే నెలకు 15. ఇదీ సులువే, పైగా నిజం.

పలువురికి ఒకేసారి చెప్పవలసి వస్తే

గదిలో ఇద్దరికి సగం తెలిసి ఉంటుంది, పదిమందికి ఏమీ తెలియదు. ఆ ఇద్దరూ తల ఊపుతుంటే మనం వాళ్లవైపే తిరిగి మాట్లాడతాం. వెనక వరుసలో కూర్చున్న ఒకరిని ఎంచుకుని, వాళ్ల మొహం చూస్తూ చెప్పండి. తెలిసిన ఇద్దరికీ స్విచ్చులు వేసే పని అప్పగించండి, విసుగు చెందరు.

"అర్థమైందా?" అని అడగకండి

మన దగ్గర ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: "ఆఁ, అర్థమైందండీ." పెద్దవాళ్లు మన శ్రమకు మర్యాదగా అంటారు. చిన్నవాళ్లు భయంతో అంటారు. ఇంటికి వెళ్లాలనుకున్నవాళ్లు అందరికన్నా గట్టిగా అంటారు.

దానికి బదులు చిన్న పని ఇవ్వండి. నేను చెప్పని వస్తువుతో ఇవ్వడం నా అలవాటు. "ఇస్త్రీపెట్టె మీద ఎన్ని వాట్లుందో చూసి, ఎంతసేపటికి ఒక యూనిట్ అవుతుందో రేపు చెప్పండి" అన్నాను. చేసిపెడితే విషయం పట్టుబడినట్టు. చేయలేకపోతే, ఎక్కడ ఆగిపోయారో అక్కడ నా మాట తెగిందన్నమాట. అప్పుడు అదే మాటను ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా చెప్పడం దండగ. వేరే దారిలో చెప్పాలి.

ఇంకో ఉపాయం ఉంది. "ఈ సంగతి మీ అమ్మాయికి ఫోనులో ఎలా చెబుతారు?" అని అడిగి, చెబుతుంటే వినండి. వాళ్లు నా మాటలనే అప్పజెబితే అనుమానించాలి. సొంత మాటలు వస్తే సంతోషించాలి. పిన్నిగారు కూతురితో, "ఆ గీజరు మేస్త్రీ రెండు వేల మందిని వెంటేసుకుని వస్తాడే" అనడం గోడ ఇవతలినుంచి విన్నాను. మేస్త్రీ నా పాఠంలో లేడు.

పది రోజుల తరువాత ఆవిడ మళ్లీ వచ్చారు, ఈసారి బిల్లు కాగితం లేకుండా.

"మాస్టారూ, రాత్రి పడుకునేముందు అన్నీ ఆపేసి మీటరు చూశాను. ఫ్రిజ్ కూడా ఆపాను, ఇన్వర్టరు కూడా. అయినా రెండు నిమిషాలకోసారి దీపం వెలుగుతోంది. ఎవరండీ ఈ కూలీలు, అర్ధరాత్రి పనిచేసేది?"

నాకు వెంటనే తోచలేదు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లి ఒక్కో స్విచ్చు చూసుకుంటూ వచ్చాం. టీవీ ఆపి ఉంది. దాని వెనక సెట్‌టాప్ బాక్సు మాత్రం ఆపలేదు, వెచ్చగా ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టి, మరో చేతివేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"తొమ్మిది వాట్ల బల్బు రాత్రీపగలూ వెలిగినట్టే కదండీ. అంటే నెలకు ఆరు యూనిట్ల పైనే. మిక్సీ నాలుగు కూడా తినదు."

స్విచ్చు ఆవిడే తీసేశారు.